ఒక్క పడవలో కూర్చోబెట్టాలని

మొన్న మెట్రో రైల్లో ఎల్బీనగర్ వస్తున్నాను. చైతన్యపురి దాటగానే నా ఎదుటి సీట్లో పెద్దాయన ఒకరు అద్దంలోంచి కిందికి వేలు చూపించి, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషితో, "గా బట్టల దుకాణం కాడ మాది ఆముదం చేను ఉండె" అన్నారు. పక్కాయన మర్యాదకి తల ఊపి ఊరుకున్నాడు. నాకు మాత్రం దిగాల్సిన చోటు వచ్చేదాకా మా పాత ఇంటి ఓనరుగారే కళ్ళముందు ఉన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినప్పుడు మేము ఈ ఊళ్ళో లేము, కడసారి చూపు కూడా దక్కలేదు. అందుకేనేమో, ఆయన పేరు తలిస్తే నాకు చావు గుర్తుకు రాదు. సాయంకాలం పూట తువ్వాలు భుజాన వేసుకుని కాలనీ అంతా తిరుగుతూ, కొత్తగా ఇల్లు కట్టుకున్న వాళ్ళందరికీ వాళ్ళ ఇంటి కింద ఒకప్పుడు ఏం పండేదో చెప్పే మనిషే గుర్తుకొస్తాడు.

ఎనభైల నడుమ మేము దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళ ఇంటి ముందు వాటాలో అద్దెకి దిగాం. మావారికి కోఠీలో ఆఫీసు. నా పుట్టిల్లు చీరాల దగ్గర సముద్రపొడ్డు పల్లె. చెవుల్లో అలల చప్పుడు లేకుండా నిద్రపోవడం నాకు ఇక్కడే అలవాటయింది. అప్పటికింకా ఎటు చూసినా ఇసుక కుప్పలు, సున్నం పూసిన హద్దురాళ్ళు, మొలలోతు లేచిన గోడలు. పొద్దస్తమానం ఎక్కడో ఒకచోట బోరు వేస్తున్న మోత. ఊరి వాళ్ళవి గట్టి మాటలు, మావి సాగదీసిన మాటలు. ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది గానీ కాస్త ఆలస్యంగా అర్థమయ్యేది.

దిగిన రోజే ఆయన నన్ను వాకిట్లో నిలబెట్టి, మేము పడుకునే గది దగ్గర గడ్డివాము ఉండేదనీ, మా వంటింటి కిందనుంచి బండ్లబాట పోయేదనీ చెప్పారు. "అలాగా బాబాయిగారూ" అన్నాను. బాబాయి అంటే సాలు, గారు దేనికి, నేనేమన్న ఆఫీసరునా అని నవ్వారు. గారు తీసేయడం నాకు చేతకాలేదు, దానికి అలవాటు పడడం ఆయనకి చేతకాలేదు. చివరిదాకా అలాగే గడిచింది.

మా కోస్తా వాళ్ళ ఇంటిపేర్లు ఆయన నోటికి పట్టేవి కావు. అందుకని మనుషుల్ని చేలను బట్టి పిలిచేవారు. మూలమలుపు దగ్గరి లెక్కల మాస్టారు "కందిచేను సారు." ఆయన ఎదురింటి లాయరుగారు "జొన్నల వకీలు." ఒక బ్యాంకు ఉద్యోగి గృహప్రవేశానికి వెళ్ళి, దేవుడి గది గడప దగ్గర నిలబడి, సరిగ్గా ఇక్కడే మా బర్రె ఈనిందని చెప్పి వచ్చారు. ఇంటావిడ మొహం మాడ్చుకుంది. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు. దూడ పుట్టిన జాగా మంచిది గదా అని ఇంటికొచ్చి నన్ను అడిగారు. ఆ నేలలన్నీ ఆయనవీ, ఆయన పాలివాళ్ళవీ. పోయాయన్న బాధతో చెప్పేవారు కాదు. కొత్త కోడలికి చుట్టాలను చూపించినట్టు చెప్పేవారు.

ఒక్క ఎల్బీనగర్ వైపు మాత్రం ఆయన నడక సాగేది కాదు. అటు వాళ్ళ బావిచేను ఉండేది.

ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నర్సింహ సిమెంటు దుకాణం పెట్టుకుని మేడమీద ఉండేవాడు. చిన్నవాడు యాదగిరి బర్రెల్ని పెట్టుకుని పాలు పోస్తూ వెనక వాటాలో ఉండేవాడు. ఆ బావిని అన్నదమ్ములిద్దరూ కుర్రతనంలో ఒక ఎండాకాలమంతా లోపలికి దిగి, గడ్డపారలతో రాయి కొట్టి లోతు చేశారట. చేను ప్లాట్లకి పోయినప్పుడు బావినీ దాని చుట్టూ కాస్త జాగానూ ఉంచుకుందామని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. యాదగిరి అత్తగారి ఊరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి బావి లేదు. లారీలతో మట్టి తోలించి పూడ్చేశారు. దగ్గర నిలబడి ఉన్నది నర్సింహ. అంతే, ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మేము చేరేనాటికి అది పాతబడ్డ మౌనం. నీళ్ళ మోటారు ఆపమని నర్సింహకి చెప్పాలంటే యాదగిరి నా కిటికీ దగ్గరికొచ్చి చెప్పేవాడు. నేను మెట్లకింద నిలబడి మేడమీదికి కేకేసేదాన్ని. వాళ్ళ పెళ్ళాలు చాటుగా మాట్లాడుకునేవారు, పిల్లలు బాహాటంగానే కలిసి ఆడుకునేవారు. అన్నదమ్ములు మాత్రం ఒకరు గేటు తీస్తుంటే ఇంకొకరు లోపలే ఆగిపోయేవారు.

ఇంట్లో గొంతులు కాస్త లేచాయంటే చాలు, పెద్దాయన మంచం మీంచి లేచి, "జర నీళ్ళు దాగొస్త" అని లోపలికి వెళ్ళిపోయేవారు. గొడవ చల్లారాక మూతి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవారు. ఈయన ఇన్నేళ్ళలో తాగిన నీళ్ళు పెడితే ఒక మడి పారేదని పిన్నిగారు, అంటే ఆయన భార్య, ఒకసారి నాతో అంది.

పొలం పని లేకపోవడంతో ఆయన పొద్దున్నే గాలం పట్టుకుని సరూర్‌నగర్ చెరువుకి వెళ్ళేవారు. ఏ రెండు పిల్లచేపలో పడితే తెచ్చి వాకిట్లో సిమెంటు తొట్టిలో వదిలేవారు. వాటిని తినేవారు కాదు, తిననిచ్చేవారు కాదు. బట్టలు ఉతుక్కోవడానికి నీళ్ళు ముంచుకోవాలంటే మేమందరం వాటిని తప్పించి ముంచుకోవాలి.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక మా అన్నయ్య పని మీద హైదరాబాదు వచ్చి రెండు పూటలు ఉండి వెళ్ళాడు. వాడు చెప్పిన పడవల కబుర్లు విన్న దగ్గరనుంచి పెద్దాయనకి సముద్రం మీద ధ్యాస పట్టుకుంది. జన్మలో సముద్రం చూడలేదాయన. రోజూ నేను వాకిలి ఊడ్చేవేళకి మెట్ల మీదకి చేరి ఏదో ఒకటి అడిగేవారు. అంత నీళ్ళకి పట్టా ఎవరిదని అడిగారు. ఎవరిదీ కాదంటే చాలాసేపు నమ్మలేదు. రాత్రిపూట అలలు ఆగుతాయా అని అడిగారు. క్రమంగా ఆ ప్రశ్నలన్నీ పడవ మీదకి వచ్చాయి. ఎంతమంది పడతారు, ఎదురెదురుగా కూర్చుంటారా, వరసగానా, ఎంతసేపటికి ఒడ్డుకొస్తారు. చేపల గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు. అందరం కలిసి చేపల వేటకి మా ఊరు వెళ్దామని అప్పటికే ఇంట్లో ప్రకటించేశారు కూడా.

ఒకనాడు ఉన్నట్టుండి, "మల్ల పడవ నడి సముద్రంల ఉన్నప్పుడు ఎవ్వడన్న దిగి పోవచ్చునా?" అన్నారు.

"ఎక్కడికి పోతారు బాబాయిగారూ, చుట్టూ నీళ్ళేగా?"

"గదే అడుగుతున్న." కాసేపు తువ్వాలు అంచు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నారు. "ఇంట్ల కూసోవెడితె ఒకడు లేచిపోతడు. పెండ్లిల కూసోవెడితె ఇంకొకడు లేచిపోతడు. పడవలయితె ఇద్దరు కూసోవాలె గద బిడ్డా. మాట్లాడకపోతె మానె. ఒకని మొఖం ఒకడు సూస్తడు."

నేను చీపురు పక్కన పెట్టేశాను. ఆ రోజునుంచి ఆ ప్రయాణం నా పని కూడా అయింది.

మొదటి చిక్కు పిన్నిగారితో వచ్చింది. కార్తీకమాసంలో చేపలేమిటని ఆమె చెవులు మూసుకుంది. మా వైపు అమావాస్య వెళ్ళిన పాడ్యమి తెల్లవారుజామున అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారనీ, దాంతో కార్తీకం ముగుస్తుందనీ, సముద్రంలో దీపం వదలడం మహా పుణ్యమనీ చెప్పాను. దీపాలు వదిలాక మగవాళ్ళు చేపలు పట్టుకుంటారు, అప్పుడిక దోషం లేదన్నాను. ఆమె రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక అందరికంటే ఆమెకే తొందరెక్కువైంది. కోడళ్ళిద్దరూ వత్తులు చెయ్యడం మొదలెట్టారు. అన్నయ్య వానలు ఎప్పుడు తగ్గుతాయో మా ఊరి బెస్తలను కనుక్కుని ఉత్తరం రాశాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో వ్యాను మాట్లాడే పని మావారు నెత్తిన వేసుకున్నారు.

కొడుకుల సంగతి పెద్దాయనే చూసుకున్నారు. నర్సింహ దగ్గరికి వెళ్ళి, బర్రెల్ని విడిచి తమ్ముడు ఎట్లాగూ రాలేడులే అన్నారు. యాదగిరి దగ్గరికి వెళ్ళి, దుకాణం మూసి అన్న ఎట్లాగూ రాడులే అన్నారు. ఈలోగా బర్రెల్ని చూడడానికి నాగోలునుంచి మేనల్లుణ్ణి పిలిపించి పెట్టారు. ఇదంతా నాకు తెలుసు. నేను నోరు మెదపలేదు.

బయల్దేరిన పొద్దున అన్నదమ్ములిద్దరూ వ్యాను దగ్గర ఎదురుపడ్డారు. యాదగిరి ఒక కాలు మెట్టు మీద పెట్టి, లోపల అన్నను చూసి ఆగిపోయాడు. అప్పటికే పిల్లలు కిటికీల దగ్గర చోటు కోసం తోసుకుంటున్నారు, పిన్నిగారు దీపాల సామాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. పెద్దాయన మాత్రం వ్యాను ఎల్బీనగర్ దాటేదాకా కళ్ళు మూసుకుని ఉన్నారు.

పాడ్యమి తెల్లవారుజామున మా ఊరి ఒడ్డున ఆడవాళ్ళం దీపాలు వదిలాం. అలలు వాటిని వెనక్కి తోస్తుంటే పిన్నిగారు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి చేత్తో మళ్ళీ ముందుకి పంపుతూనే ఉంది. పెద్దాయన తడి ఇసుక అంచున నిలబడి సముద్రాన్ని చూస్తున్నారు. ఎలా ఉందని అడిగితే, శానా పనిలో ఉన్నదని అన్నారు.

తెల్లవారాక అన్నయ్య బెస్తల పెద్దను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చల్లగా చెప్పాడు, రాత్రినుంచి గాలి తిరిగిందనీ, అలలు దాటేటప్పుడు పడవలో కొత్తవాళ్ళుంటే తిరగబడుతుందనీ, ఇవాళ ఎవరినీ ఎక్కించుకోలేమనీ. కావలిస్తే ఒడ్డునుంచి లాగే పెద్దవలకి అందరూ ఓ చెయ్యి వెయ్యొచ్చన్నాడు.

పెద్దాయన మొహం అంత చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నెల్లాళ్ళుగా కట్టుకున్న ఆశ అది. వెళ్ళి బోర్లించిన పడవ నీడన కూర్చున్నారు.

ఆ వల తాడు ఒక కొసను ఒడ్డున మనుషుల చేతికిచ్చి, పడవలో వలను సముద్రంలోకి తీసుకుపోయి, సగం చుట్టు తిప్పి, రెండో కొసను దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెస్తారు. ఇటు ఒక జట్టు, అటు ఒక జట్టు నిలబడి లాగుతారు. కష్టం కనిపిస్తే ఆగలేని మనిషి యాదగిరి. పంచె ఎగ్గట్టి అవతలి జట్టులో చేరాడు. కాసేపటికి నర్సింహ ఇవతలి తాడు అందుకున్నాడు. ఇద్దరి మధ్యా మాట వినపడనంత దూరం.

లాగుతున్న కొద్దీ రెండు జట్లూ ఒకదాని వైపు ఒకటి జరుగుతున్నాయి. పెద్దాయన అది చూసి లేచారు. ఎందుకలా దగ్గరికొస్తున్నారని అన్నయ్యను అడిగారు. వల ఒడ్డుకి చేరేటప్పటికి రెండు తాళ్ళూ ఒక్కచోటికి రావాలి, లేకపోతే నడుమనుంచి చేపలు జారిపోతాయని వాడు చెప్పాడు. ఆయన రెండు తాళ్ళ వైపూ మార్చి మార్చి చూశారు. తర్వాత తువ్వాలు నడుముకి చుట్టి, ఇసుకలో అడుగులు తడబడుతుండగా యాదగిరి వైపు నడిచారు. ఎక్కడ పడతారోనని నేను వెనకే వెళ్ళాను. ఆయన కొడుకు వెనక చోటు చేసుకుని తాడు పట్టుకున్నారు.

"యాదగిరీ," అన్నారు. "బాయి పూడిపిచ్చింది నేను. మీ అన్న గాదు."

యాదగిరి వెనక్కి తిరగలేదు. హోరులో వినపడలేదేమోనని ఆయన మళ్ళీ చెప్పారు. "మన్ను తోలియ్యమన్నది నేనే. నువ్వొచ్చి వాణ్ణి అడుగుతుంటె, నేను నీళ్ళకని లోపటికి వోయిన."

యాదగిరి చేతులు ఆగాయి. తాడు ఒక జానెడు వెనక్కి జారింది. వెనకనుంచి ఎవరో లాగమని అరిచారు. నర్సింహ వైపు తాడు ఆగకుండా వస్తోంది, ఇక్కడ వదిలేస్తే వల వంకరపోతుంది, ఇంతమంది శ్రమా నీళ్ళపాలవుతుంది. అతను లాగాడు. లాగుతూ ఒక్కో అడుగూ అన్న వైపు జరిగాడు. తండ్రి అతని వెనకే లాగుతూ వచ్చారు.

జట్లు కలిసేసరికి అన్నదమ్ములు భుజం తగిలేంత దగ్గరికొచ్చారు. యాదగిరి తాడు మీదనుంచి చూపు ఎత్తకుండానే అడిగాడు.

"ఎందుకు జెప్పలే?"

"నాయన జెప్తడని సూసిన" అన్నాడు నర్సింహ.

వలలో పెద్దగా ఏమీ పడలేదు. గుప్పెడు చిన్న చేపలు, కొన్ని పీతలు, మిగతాదంతా గాజులా మెరిసే జెల్లీచేపల ముద్దలు. అన్నయ్య నొచ్చుకున్నాడు. పిల్లలు పీతల చుట్టూ గంతులేశారు. ఆ చేపలే కూర వండించాం. అన్నదమ్ములు ఒకే అరుగు మీద కూర్చుని తిన్నారు. పెద్దగా మాట్లాడుకోలేదు గానీ ఉప్పు కావాలంటే ఒకరినొకరు అడిగారు, నా ద్వారా అడగలేదు.

తిరుగు ప్రయాణంలో యాదగిరి వెనక సీట్లో అన్న పక్కన కూర్చున్నాడు. తండ్రితో మాత్రం ఒక్క మాట లేదు. హైదరాబాదు చేరాక కూడా లేదు. అంతకుముందు రోజూ తండ్రి దగ్గర కూర్చుని చాయ తాగేవాడు, అది మానేశాడు. పాలచెంబు వాకిట్లో పెట్టి, మంచం వైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. మేడమీద మాత్రం అన్నదమ్ముల మాటలు వినిపించేవి, మోటారు గురించో, గోడ తడి గురించో.

నాకు మనసు చివుక్కుమనేది. నేనేదో మంచి చేయబోయి చెడు చేశానని ఒకరోజు ఆయన దగ్గరే అనేశాను. ఆయన చుట్ట పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"గట్లనకు బిడ్డా. గిప్పుడే మంచిగున్నది. కోపం ఉండవలసిన కాడ ఉన్నది."

చలికాలం అలాగే వెళ్ళింది. శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నేను కిటికీ పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. వరండాలో పెద్దాయన మంచం మీద ఒరిగి ఉన్నారు. యాదగిరి వచ్చి మంచం కాళ్ళవైపు పట్టె మీద కూర్చున్నాడు. వదులైన నులకను కాసేపు బిగించాడు. తర్వాత అతను, "ఎందుకు పూడిపిచ్చినవ్?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో బావిని ఎవరు పూడ్చారన్నదే గొడవ. ఎందుకన్నది ఎవరూ అడగలేదు.

పెద్దాయన లేచి కూర్చున్నారు. బావి పూడ్చిన రోజు పొద్దున్నే ఒక్కరే చేనుకి వెళ్ళారట. ప్లాట్ల పనికి వచ్చిన మేస్త్రీ కూలీల గుడిసెలు అక్కడే ఉన్నాయి. వాళ్ళ పిల్ల ఒకతి బావి గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూస్తోంది. "నేను భయపడి పిలిచిన. పిల్వంగనె ఉలిక్కిపడి లేచింది, కాలు జారింది. పిల్వకుంటె పడకపోతుండె" అన్నారు. మెట్లు పట్టుకుని దిగి, ఆఖరి మెట్టు మీద నడుములోతు నీళ్ళలో నిలబడి పిల్లను అందుకున్నారట. ఇంటికొచ్చి ఒక్క నర్సింహకే చెప్పి, ఆ రోజే మట్టి తోలించమన్నారు. తర్వాత యాదగిరికి చెబుదామంటే, తప్పు చేసి సాకు చెప్పినట్టుంటుందని నోరు రాలేదట.

"బతికిందా?" అన్నాడు యాదగిరి.

"బతికింది. నీళ్ళు కక్కి ఏడ్సింది. వాళ్ళమ్మ సంకనేస్కొని పోయింది."

 బియ్యంలో రాళ్ళు నా కంటికి ఆనడం లేదు. తర్వాత యాదగిరి గొంతు వినిపించింది. తిట్టబోయే గొంతే గానీ దారిలో మెత్తబడింది.

"నీకు ఈత రాదు గద నాయనా."

"రాదు" అన్నారు ఆయన.

ఆ పూట యాదగిరి పాలు పిండడానికి చాలా ఆలస్యంగా వెళ్ళాడు. వెనక వాటాలో బర్రెలు అరుస్తూనే ఉన్నాయి.